సెల్‌ఫోను చెల్లింపు విఫలమైనపుడు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయ రజతోత్సవ సభలో సెల్‌ఫోను చెల్లింపులను గూర్చి ప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. కాని ఆంధ్రదేశమున గ్రంథాలయము ఏనాడును కేవలము పుస్తకముల బీరువా కాదు. 1914లో బెజవాడయందు గ్రంథాలయ ప్రతినిధుల ప్రథమ మహాసభ జరిగిన నాటినుండియు పల్లెటూరి గ్రంథాలయము చదువురానివారికి పత్రికను చదివి వినిపించుటయు, రాత్రిబడి నడపుటయు తన ధర్మముగా నెంచినది. తపాలా ఫారములలోని గళ్లను చూచి దిక్కుతోచక నిలిచినవానికి నాలుగక్షరములు వచ్చిన సభ్యుడే ఆసరా యయ్యెను. నేడు ఆ ఫారము స్థానమున సెల్‌ఫోను తెర వచ్చినది. దానిమీది మాటలను చదువలేకయు, చదివియు భావము తెలియకయు కష్టార్జితమును పోగొట్టుకొనువారు ఊరూరను కలరు. కావున ఈ విషయము గ్రంథాలయమునకు చెందినదే.

యాప్ అనగా ఫోనులో ఒక్కొక్క పనికై అమర్చుకొను సాధనము. ఒకటి నిఘంటువు, ఒకటి పాఠశాల, ఒకటి పాటలపెట్టె. 2008 జులై 10వ తేదీన ఆపిల్ సంస్థ 500 యాప్‌లతో ‘యాప్ స్టోర్’ అను అంగడిని తెరచినది. అదే సంవత్సరము అక్టోబరులో గూగుల్ సంస్థ ‘ఆండ్రాయిడ్ మార్కెట్’ అను అంగడిని పెట్టి, 2012 మార్చిలో దానికి ‘గూగుల్ ప్లే’ అని పేరు మార్చినది. ఈ అంగళ్లలో చాల సరకు ఉచితము. కొన్నింటికి ఒకేసారి వెల చెల్లింపవలెను. మరికొన్నింటికి నెలనెలకు చందా కట్టవలెను. చిక్కులన్నియు ఈ చెల్లించు ఘట్టమునందే కలుగుచున్నవి.

ఒక దృష్టాంతమును గైకొనుడు. ఒక గ్రామమున ఇరుగుపొరుగు ఇండ్లలో ఇద్దరు విద్యార్థులు కలరనుకొనుడు. ఇద్దరును పోటీపరీక్షకు చదువుచున్నారు. పాఠములు చెప్పు యాప్ ఒకటి 499 రూపాయలకు దొరకుచున్నది. ఆ సొమ్ము మొదటివాని తల్లి పత్తి తీయగా వచ్చిన కూలి. రెండవవాని తండ్రి పాలు పోసి కూడబెట్టినది. ఇద్దరును ఒకే సాయంకాలము చెల్లింపునకు పూనుకొనిరి. ఇద్దరికిని ఖాతాలో సొమ్ము తగ్గినట్లు బ్యాంకు సందేశము వచ్చినది. అంగడి తెరమీద మాత్రము చెల్లింపు విఫలమైనదని కనబడినది. పాఠములు తెరుచుకొనలేదు.

మొదటివాడు కంగారుపడి రెండవసారి చెల్లించెను. అదియు కాకపోగా మూడవసారి చెల్లించెను. 1,497 రూపాయలు ఖాతాను వీడినవి. అమ్మకు ఏమని చెప్పుదునను దిగులుతో ఇంటర్నెట్టులో ‘సహాయకేంద్రము’ నంబరు వెదకి, మొట్టమొదట కనబడినదానికి ఫోను చేసెను. అవతలివాడు ఎంతో మర్యాదగా మాటలాడి, “మీ సొమ్ము వాపసు పంపుచున్నామండీ, తెరమీద పిన్ కొట్టండి” అనెను. పిన్ కొట్టిన మరుక్షణమున ఖాతాలో మిగిలియున్నదియు పోయినది.

రెండవవాడు ఫోను ప్రక్కన పెట్టి కాగితము, కలము తీసెను. తేదీ, వేళ, మొత్తము, సందేశములోని సంఖ్య వ్రాసికొనెను. తండ్రి “ఏమిరా, డబ్బు పోయినట్లేనా?” అని అడుగగా, “పోలేదు నాన్నా, దారిలో ఆగినది. ఎక్కడ ఆగినదో చూడవలెను” అని బదులు చెప్పెను.

ఈ ఇరువురి తెలివియందు భేదము లేదు, చదువునందును భేదము లేదు. సొమ్ము ఏ దారిన పోవునో ఒకనికి తెలిసినది, వేరొకనికి తెలియలేదు. ఆ దారిని తెలిసికొనుటయే నేటి ముఖ్య విషయము.

పెద్దలందరికిని మనీయార్డరు తెలిసినదే. ఈ దేశమున అది 1880లో మొదలైనది. పంపువాడు తపాలా కచేరీలో సొమ్ము కట్టి రసీదు పుచ్చుకొనెడివాడు. సొమ్ము ఊరుదాటి పోయెడిది. అందుకొన్నవాడు చేవ్రాలు చేసిన చీటీ తిరిగి వచ్చెడిది. ఆ చీటీ రాకపోయినచో ఏ వివేకియు వెంటనే రెండవ మనీయార్డరు కట్టెడివాడు కాదు. దారిన పోవువానిని పిలిచి సొమ్ము సంగతి అడిగెడివాడు కాదు. రసీదు చేతబట్టుకొని ఏ కచేరీలో కట్టెనో ఆ కచేరీకే పోయెడివాడు. పోగొట్టుకొన్నచోటనే వెదకవలెనను సామెత ఇందుకే పుట్టినది.

ఫోను చెల్లింపు కూడ అట్టిదే. యు.పి.ఐ. అను పద్ధతిని నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ 2016లో ప్రవేశపెట్టినది. కొనువాడు పిన్ కొట్టగనే అతని బ్యాంకు సొమ్మును ఖాతానుండి తగ్గించును. ఆ వార్త కార్పొరేషనువారి యంత్రముల ద్వారా అంగడివాని బ్యాంకునకు చేరును. ఆ బ్యాంకు సొమ్మును జమకట్టుకొని ‘అందినది’ అని తిరుగువార్త పంపును. ఆ వార్త అంగడికి చేరిన పిమ్మటనే యాప్ తెరుచుకొనును. ఇదంతయు కొన్ని సెకండ్లలో ముగియును. ఇన్ని చేతులలో ఏ ఒక్కచోట యంత్రము మొరాయించినను తిరుగువార్త తెగిపోవును. అప్పుడు బ్యాంకు ‘తగ్గించితిమి’ అనును. అంగడి ‘అందలేదు’ అనును. ఆ ఘడియలో ఇద్దరు చెప్పునదియు సత్యమే. సొమ్ము మాయము కాలేదు. ప్రతి చేతిలోను లెక్క వ్రాయబడియున్నది. ఆ లెక్కను వెదకుటకు తాళపుచెవి పండ్రెండంకెల సంఖ్య. యు.పి.ఐ. చెల్లింపు వివరములలో అది కనబడును. అదే ఈనాటి మనీయార్డరు రసీదు.

చెల్లింపు విఫలమైనదని తెరమీద కనబడినపుడు మొదట తేల్చుకొనవలసినది ఒక్కటే: సొమ్ము ఖాతానుండి కదలినదా, లేదా? దీనికి సందేశముమీదనే ఆధారపడరాదు. సందేశములు ఆలస్యముగా రావచ్చును, రాకపోవచ్చును. దొంగ సందేశములును కలవు. ఖాతా నిలువను, చిట్టాను స్వయముగా చూడవలెను.

సొమ్ము కదలనిచో నష్టమేమియు లేదు. కారణమును కనుగొని సరిచేసికొనిన చాలును. ఈ కారణములు చాలవరకు సామాన్యమైనవి. ఖాతాలో నిలువ చాలకపోవుట. సిగ్నలు బలహీనమై ఓ.టి.పి. గడువు దాటిన పిమ్మట వచ్చుట. బ్యాంకులో నమోదైన నంబరు సిమ్ము ఈ ఫోనులో లేకపోవుట. పిన్ పలుమారులు తప్పుగా కొట్టుటచే బ్యాంకు కొంతకాలము నిలిపివేయుట. ఫోనులోని తేదీ, వేళ తప్పుగా నుండుట మొదలైనవి ఇట్టివి. తేదీ తప్పైన చెల్లింపేల ఆగునని ఆశ్చర్యపడవలదు. అంగడి నిజమైనదో కాదో తేల్చు డిజిటలు పత్రమునకు గడువు తేదీ యుండును. ఫోను గడియారము తప్పైనచో ఆ పత్రము చెల్లనట్లు కనబడి రాకపోకలు ఆగిపోవును.

కార్డుతో చెల్లించువారికి మరి రెండు అడ్డంకులు కలవు. మొదటిది: 2020 జనవరిలో రిజర్వు బ్యాంకు చేసిన ఏర్పాటు ననుసరించి క్రొత్త కార్డు చేతికి వచ్చునప్పటికి ఏ.టి.యం.లోను, దుకాణపు యంత్రముమీదను మాత్రమే పనిచేయును. ఇంటర్నెట్టు కొనుగోళ్లకు ఖాతాదారుడు బ్యాంకు యాప్‌లోనో, ఏ.టి.యం.లోనో, శాఖలోనో అనుమతి తెరువవలెను. ఈ సంగతి తెలియక కార్డు పాడైనదని పారవేయువారును కలరు. రెండవది: 2022 అక్టోబరు 1వ తేదీ నుండి అంగళ్లవారు కార్డు సంఖ్యను తమవద్ద దాచుకొనుటకు వీలులేకుండెను. దానికి బదులుగా టోకెను అను మారుపేరు వంటి సంఖ్యను ఉంచుదురు. గడువు తీరి క్రొత్త కార్డు వచ్చినపుడు పాతదానిని తీసివేసి క్రొత్తదానిని మరల చేర్చుట మేలు.

గల్ఫునుండి తిరిగివచ్చిన సోదరులకు వేరొక చిక్కు. కువైటులోనో, దుబాయిలోనో ఉన్నపుడు తెరచిన గూగుల్ ప్లే ఖాతా ఆ దేశమునకే చెందియుండును. ఈ దేశపు చెల్లింపు సాధనము దానికి అతుకదు. ఒక దేశపు గిఫ్టు కార్డు వేరొక దేశపు ఖాతాలో చెల్లదు. ఖాతాలోని దేశమును మార్చుకొనుటకు వీలు కలదు కాని సంవత్సరమున కొకసారి మాత్రమే. పాత ఖాతాలో సొమ్ము నిలువయున్నచో క్రొత్త దేశమున అది అక్కరకు రాదు. కావున ఆలోచించి మార్చవలెను.

ఇక సొమ్ము కదలి అంగడికి చేరని స్థితి. ఇదియే గుండె ఝల్లుమనిపించునది. ఇచ్చట నిదానమే ప్రధానము. మొట్టమొదట చేయవలసినది రెండవసారి చెల్లింపకుండుట. అంగడిలోని కొనుగోళ్ల చిట్టాను తెరచి చూడవలెను. గూగుల్ ప్లేలో ప్రతి కొనుగోలునకు జి.పి.ఏ. అను అక్షరములతో మొదలగు ఆర్డరు సంఖ్య యుండును. దాని కెదురుగా ‘పెండింగ్’ అని యున్నచో చెల్లింపు ఇంకను తేలలేదని అర్థము. అది పూర్తియై యాప్ చేతికి రావచ్చును. లేక ఆర్డరు రద్దై సొమ్ము తిరిగి రావచ్చును. తేలకముందే మరల చెల్లించినవాడు ఒక చిక్కును రెండు చేసికొనినవాడగును.

ఈ వాపసు ఎవరి దయమీదనో ఆధారపడినది కాదు. 2019 సెప్టెంబరు 20వ తేదీన రిజర్వు బ్యాంకు ఒక ఉత్తర్వు వెలువరించెను. అది ఆ సంవత్సరము అక్టోబరు 15 నుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము ఖాతానుండి సొమ్ము తగ్గి వర్తకునకు చెల్లింపు ధ్రువపడనిచో, చెల్లించిన దినమునకు తరువాత అయిదు దినముల లోపల ఆ సొమ్ము తనంత తానుగా తిరిగి ఖాతాలో పడవలెను. 10వ తేదీన చెల్లించినచో 15వ తేదీ కడపటి గడువు. ఆదివారములు, సెలవులు ఇందు మినహాయింపు కావు. గడువు దాటినచో దినమునకు 100 రూపాయల చొప్పున పరిహారము ఖాతాదారునకు చెల్లింపవలెను. అదియు ఖాతాదారుడు అడిగినదాక వేచియుండక బ్యాంకే జమకట్టవలెనని ఉత్తర్వు చెప్పుచున్నది. యు.పి.ఐ.కిని, ఇంటర్నెట్టులో కార్డు చెల్లింపులకును గడువు ఇదియే. వర్తకునకు గాక ఒక మనిషి వేరొక మనిషికి యు.పి.ఐ. ద్వారా పంపిన సొమ్ము ఆగినచో గడువు మరునాడే.

ఉత్తర్వు ఇట్లున్నను అడుగనిదే అమ్మయైనను పెట్టదందురు. గడువు దాటినచో ఏ యాప్‌తో చెల్లించిరో ఆ యాప్‌లో ఆ చెల్లింపు వివరమును తెరచి, అచ్చటనే ఫిర్యాదు నమోదు చేయవలెను. దానితో తేలనిచో ఖాతా యున్న బ్యాంకు శాఖకు వ్రాతపూర్వకముగా అర్జీ యీయవలెను. అందులో తేదీ, మొత్తము, పండ్రెండంకెల సంఖ్య, అంగడి చూపిన ఆర్డరు స్థితి వ్రాసి, అర్జీ అందినట్లు గురుతు పుచ్చుకొనవలెను. నోటిమాటగా చెప్పి వచ్చిన ఫిర్యాదు గాలికి పోవును, కాగితముమీదిది నిలుచును. ముప్పది దినములలో బ్యాంకు జవాబీయకున్నను, ఇచ్చిన జవాబు న్యాయముగా లేకున్నను రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మనునకు మొరపెట్టుకొనవచ్చును. 2021 నవంబరు 12వ తేదీన దేశమంతటికిని ఒకే అంబుడ్స్‌మన్ ఏర్పాటు వచ్చినది. దీనికి రుసుము లేదు, ప్లీడరు అక్కరలేదు. 14448 అను సంఖ్యకు ఫోను చేసినచో దారి చెప్పుదురు.

చెల్లింపు సక్రమముగా పూర్తియైన పిమ్మట యాప్ నచ్చకపోవుట, పిల్లవాడు ఆటలో తెలియక కొనుట వేరు సంగతి. ఇచ్చట సొమ్ము చేరవలసినచోటికే చేరినది. బ్యాంకు తప్పు లేదు. కావున అడుగవలసినది అంగడిని. గూగుల్ ప్లేలో కొనినది మొదలు 48 గంటల లోపల వాపసు కోరినచో పరిస్థితిని బట్టి ఇత్తురు. ఆ పిమ్మట యాప్ తయారుచేసినవారిని అడుగవలెను. బ్యాంకును అడుగవలసినది అంగడిని, అంగడిని అడుగవలసినది బ్యాంకును అడిగి కాలము వ్యర్థము చేసికొనువారు పెక్కుమంది.

చందా యాప్‌లను గూర్చియు ఒక మాట. మొదటి వారము ఉచితమని చేరినవాని ఖాతానుండి తరువాత నెలనెలకు సొమ్ము తగ్గుచుండును. ఫోనులోనుండి యాప్‌ను తీసివేసినంత మాత్రమున చందా ఆగదు; అంగడిలోని చందాల పట్టికకు పోయి రద్దు చేయవలెను. ఇట్టి చెల్లింపులకు 2021 అక్టోబరు 1 నుండి కట్టుబాట్లు వచ్చినవి. మొదట ఖాతాదారుని స్పష్టమైన అనుమతి యుండవలెను. సొమ్ము తగ్గించుటకు 24 గంటలు ముందుగా తెలియజేయవలెను. ఆ ముందు సందేశమును చదివినవాడు వలదన్న చందాను సకాలమున మానుకొనగలడు. ప్రకటన యనుకొని తుడిచివేసినవాడు నెల తరువాత విచారించును.

సభాసదులారా! విఫలమైన చెల్లింపుకంటె దాని తరువాత కలుగు కంగారే ప్రమాదకరము. మొదటి విద్యార్థి సొమ్ము పోవుటకు యంత్రము కారణము కాదు. యంత్రము ఆపిన 1,497 రూపాయలు గడువులోపల తిరిగి రావలసినవే. తిరిగి రానిది అపరిచితుని మాట నమ్మి పిన్ కొట్టగా పోయిన సొమ్ము. మోసగాండ్రు పెద్ద సంస్థల పేరిట దొంగ సహాయ నంబరులను ఇంటర్నెట్టులో ఉంచి, కంగారుపడినవాని కొరకు వేచియుందురు. సహాయము పేరిట ఫోను తెరను తాము చూచుటకు వీలగు యాప్‌ను పెట్టించుకొందురు. కావున ఒక సూత్రమును పిల్లలు ఎక్కములను వలె కంఠస్థము చేయవలెను: పిన్ సొమ్ము పంపుటకే గాని పుచ్చుకొనుటకు కాదు. వాపసునకు పిన్ అక్కరలేదు, ఓ.టి.పి. అక్కరలేదు, క్యూ.ఆర్. గళ్లను ఫోనుకు చూపనక్కరలేదు. అడిగినవాడు ఎవ్వడైనను దొంగయే. ఇట్లు మోసపోయినచో సిగ్గుపడి దాచుకొనక తక్షణమే 1930 సంఖ్యకు ఫోను చేసి, బ్యాంకునకును తెలుపవలెను. ఎంత త్వరగా తెలిపిన, సొమ్మును దారిలో నిలుపుటకు అంత అవకాశము. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట యనిపించినను, ఇచ్చట తొలి ఘడియలలో పట్టుకొన్న ఆకు కొంత సొమ్మునైనను కాపాడవచ్చును.

ఈ కార్యమున గ్రంథాలయము చేయదగినది చాల కలదు. బల్లమీద ఒక పుస్తకము ఉంచవచ్చును. చెల్లింపు ఆగినవారు వచ్చినపుడు తేదీ, మొత్తము, పండ్రెండంకెల సంఖ్య, ఆర్డరు స్థితి, గడువు తేదీ అందులో వ్రాసి, ఆ కాగితమునకు నకలు వారిచేతికి ఇయ్యవచ్చును. గడువు నాటికి సొమ్ము వచ్చినదా యని విచారించి, రానివారికి అర్జీ వ్రాసిపెట్టవచ్చును. గోడమీద 14448, 1930 అను రెండు సంఖ్యలను పెద్ద అక్షరములతో వ్రాయించవచ్చును. అయితే సహాయపడువారికి ఒక నియమము ముఖ్యము. ఎంతటి ఆప్తులదైనను పిన్ అడుగరాదు, చెప్పినను వినరాదు. వారు కొట్టునపుడు ముఖము ప్రక్కకు త్రిప్పుకొనవలెను. చూపు ఆనని ముసలమ్మ “నీవే కొట్టు నాయనా” అని నంబరు చెప్పబోయినచో, అంకెలను పెద్దవిగా చేసి చూపి, ఆమె చేతనే కొట్టించుట నిజమైన సహాయము. నమ్మి చెప్పిన రహస్యము నలుగురినోట పడినచో రేపు కలుగు నష్టమునకు సహాయపడినవాడే నిందపడును.

రెండవ విద్యార్థి కథ మిగిలియున్నది. అతడు మరల చెల్లింపక వేచియుండెను. ప్రతిదినము ఖాతాను చూచెను. గడువులోపల 499 రూపాయలు తిరిగి వచ్చినవి. అప్పుడు మరల చెల్లించి పాఠములు తెరచెను. ఇది దృష్టాంతమే యైనను ఇందులో అద్భుతమేమియు లేదు. ఉత్తర్వు చెప్పినట్లే జరిగినది. అతడు చేసినది చదువుట, వ్రాసికొనుట, వేచియుండుట, అడుగవలసినచోట అడుగుట. ఈ నాలుగును గ్రంథాలయము మొదటినుండియు నేర్పుచున్న విద్యలే. తనకు తెలిసినదానిని అతడు పొరుగువాని తల్లికి చెప్పియుండినచో ఆమె కూలి సొమ్ము నిలిచియుండెడిది. తెలిసినవారు తెలియనివారికి చెప్పుటకే గ్రంథాలయము వెలసినది.

ఈ రజతోత్సవమునుండి స్వర్ణోత్సవమునకు సాగు దారిలో ఈ గ్రామమున ఏ తల్లి చెమటయు తెరమీది రెండు మాటలు అర్థము కాని కారణమున వృథా కాకుండుగాక! గ్రంథాలయము వర్ధిల్లుగాక!

స్వస్తి.